పిల్లల చెవులు – బడి చదువు



నేను వైద్యుడను గాను. 1984 మొదలు 2019 వఱకు పత్తికొండ ప్రాంతపు బడులలో పిల్లలకు అక్షరములును, పిమ్మట పద్యములును, వ్యాకరణమును చెప్పిన బడిపంతులను. చెవిని గూర్చి మాటలాడుటకు నాకు శాస్త్రాధికారము లేదు. అయినను నన్ను ప్రసంగింపుమని యడిగినప్పుడు ఈ విషయమునే నేను కోరుకొంటిని. ఏలయనగా, నా యుద్యోగకాలమున నేను చేసిన తప్పులలో నేటికిని మఱపునకు రానిది యొకటి యున్నది. అది యొక పిల్లవాని చెవికి సంబంధించినది. ముందుగా ఆ కథ చెప్పి, వైద్యులవలన నేను తరువాత తెలిసికొన్న సంగతులను మనవి చేసెదను.

అప్పటికి నేను ఉద్యోగమున ప్రవేశించి మూడేండ్లయినది. పత్తికొండకు మూడు క్రోసుల దూరమున నొక పల్లె. రెండవ తరగతిలో ఏడేండ్ల పిల్లవాడొకడు. వాని కుడిచెవి వానకాలము వచ్చిన కారుచుండెడిది. ఎడమచెవియు నప్పుడప్పుడు కారెడిది. తల్లి దూది పెట్టి పంపెడిది. దుర్వాసన వచ్చుచున్నదని తక్కిన పిల్లలు వాని ప్రక్క కూర్చుండుటకు ఇష్టపడకుండిరి. అందుచేత వానిని నేను చివరి వరుసలో, గోడప్రక్కను కూర్చుండబెట్టితిని. అది వానికి చేసిన మేలనియే తలంచితిని.

పలక మీద చూచి వ్రాయుమన్నచో వాని అక్షరములు ముత్యములవలె నుండెడివి. ఉక్తలేఖనము చెప్పినచో అంతయు తాఱుమాఱు. నేను ‘పాలు’ అన్నచో ‘కాలు’ అని వ్రాయును; ‘బండ’ అన్నచో ‘మండ’ అని వ్రాయును. ఒకనా డడిగినదానికి సరిగా బదులు చెప్పును. మఱునాడు మ్రానువలె నిలుచును. పిలిచిన పలుకడు. ఊరక ప్రక్కవానిని గిల్లును. ఆటలో తన వంతు తెలియక తగవులాడును. వీడు మొండివాడు, మందబుద్ధి, పైగా నటించువాడు అని నేను నిశ్చయించుకొంటిని. చూచి వ్రాసినప్పుడు తప్పులేక వ్రాయువాడు విని వ్రాయునప్పుడే ఏల తప్పుచున్నాడని యొక్కసారియైన నేను ప్రశ్నించుకొనలేదు. వ్యాకరణమున సూక్ష్మములు వెదకు పండితునకు ఇది తోచకపోయినది.

ఒకనాడు నేను నల్లబల్ల వైపు తిరిగి వ్రాయుచు వాని నేదియో ప్రశ్న యడిగితిని. పలుకలేదు. మఱల నడిగితిని. మూడవమాఱు కోపముతో వెనుదిరిగి, “చెవిటివాని ముందు శంఖ మూదినట్లున్నదిరా!” యంటిని. తరగతి యంతయు గొల్లున నవ్వినది. అందఱు నవ్వుచుండుట చూచి వాడును నవ్వెను. నన్ను వెక్కిరించుచున్నాడనుకొని వాని యరచేతిపై బెత్తముతో మూడు దెబ్బలు కొట్టితిని.

ఆ యేడు దీపావళి దాటిన పిదప వాని తల్లిదండ్రులు సుగ్గికి గుంటూరు వైపు పోయిరి. మా సీమలో పంట లేని యేడు కూలిపనికై వలస పోవుటను సుగ్గి యందురు. పిల్లవానిని వెంట గొనిపోయిరి. తిరిగి వచ్చినపిదప వాడు బడికి రాలేదు. కొన్ని నెలలు చూచి హాజరుపట్టీనుండి వాని పేరు నేనే కొట్టివేసితిని.

పదునాలుగేండ్లు గడచినవి. మా చెల్లెలి కూతురు ఐదేండ్లది, ఎంత పిలిచినను పలుకక, మాట ముద్దముద్దగా నుండుటచే, కర్నూలునకు చెవివైద్యునకడకు తీసికొనిపోయితిమి. ఆయన పిల్లను చూచి మా చెల్లెలిని వరుసగా ప్రశ్నలడిగెను. “ముఖము చూచుచు మాటలాడినచో వినునా? వెనుకనుండి పిలిచినచో పలుకదా? ఒకనాడు బాగుగాను, ఒకనాడు మందముగాను వినుచున్నట్లు తోచునా? విసుగు, అలుక ఎక్కువా? నిద్రలో నోరు తెఱచి గుఱక పెట్టునా? నడకలో తఱచు తూలి పడునా?” ఆయన యడుగుచుండగా నా కంటియెదుట నిలిచినది మా మేనకోడలు గాదు, గోడప్రక్క కూర్చున్న ఆ పిల్లవాడు. ఆ వైద్యుడు ఓపికతో కాగితముపై బొమ్మ గీసి నాకు చెవి నిర్మాణము బోధించెను. ఆ పాఠమునే నా మాటలలో మీకు చెప్పెదను.

వెలుపల కనబడు దొప్పయు, అందుండి లోనికి పోవు గొట్టమును బాహ్యకర్ణము. గొట్టము కొనను పలుచని పొర యొకటి బిగించియున్నది. దాని వెడల్పు సుమారు 9 లేక 10 మిల్లీమీటర్లు. దీనిని కర్ణభేరి యందురు. భేరికి వెనుక నొక చిన్న గది. అదియే మధ్యకర్ణము. ఆ గదిలో మూడు ఎముకలు గొలుసుకట్టుగా నున్నవి: కూటకము, దాగలి, అంకవన్నె. మొదటి రెండును కమ్మరి పనిముట్లు. మూడవది గుఱ్ఱపు జీనుకు వ్రేలాడు రికాబు. ఆ యెముకల యాకారములు నిజముగా నట్లే యుండును. అంకవన్నె మన దేహమున నన్నిటికంటె చిన్న యెముక. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. భేరిపై పడిన ధ్వని ఈ మూడెముకల మీదుగా లోపలి చెవికి చేరి, అచ్చటినుండి నరము ద్వారా మెదడునకు పోవును.

ఈ గదిలో గాలి యుండవలెను. ఆ గాలి వచ్చుటకు గదినుండి ముక్కు వెనుకభాగమునకు సన్నని నాళమున్నది. పదునాఱవ శతాబ్దమున దానిని వర్ణించిన ఇటలీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు యూస్టాకీ పేరుతో దానిని యూస్టేషియన్ నాళ మందురు. మనము మ్రింగినప్పుడును, ఆవులించినప్పుడును అది క్షణకాలము తెఱచుకొని గదికి గాలి నందించును. పెద్దవారిలో అది వాలుగా దిగియుండును. పసిపిల్లలలో పొట్టిగాను, ఇంచుమించు అడ్డముగాను ఉండును. కనుక జలుబు చేసినప్పుడు ముక్కులోని రోగము సులభముగా చెవికెక్కును. గదిలో చేరిన నీరు సులభముగా దిగదు. ముక్కు వెనుకనుండు అడినాయిడ్ కండ వాచినను ఇదే యిబ్బంది.

మన జాతరలలో తప్పెట వాయించువారిని చూచియుందురు. వాన తగిలి తోలు తడిసినచో తప్పెట పలుకదు. గడ్డిమంట వేసి కాచినగాని కంగున మ్రోగదు. చెవిలోని భేరియు నట్టిదే. దాని వెనుక గాలికి బదులు నీరో, జిగురో నిండినచో పొర కదలదు, ఎముకలు కదలవు. లోపలి చెవి బాగుగానే యున్నను ధ్వని అచ్చటికి చేరదు.

ఈ రోగము మూడు రూపములుగా వచ్చుచున్నది. మొదటిది చీముపట్టి వాచుట. జ్వరము, పోటు, రాత్రియంతయు ఏడ్పు. ఇది తల్లికి వెంటనే తెలియును. రెండవది నొప్పిలేక నీరు నిలుచుట. దీనినే వైద్యులు జిగురుచెవి యందురు. పదియేండ్లు వచ్చులోపల ఐదుగురు పిల్లలలో నలుగురికి ఇది ఒక్కసారియైన వచ్చి పోవునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. రెండేండ్ల వయస్సునను, మఱల ఐదేండ్ల ప్రాంతమునను ఎక్కువ. జ్వరము లేదు, చీము లేదు, నొప్పి లేదు. కావున ఎవరికిని తెలియదు. మూడవది చీముచెవి. భేరికి రంధ్రము పడి, వారములకొలది, నెలలకొలది కారుచుండునది. మా బడిలోని పిల్లవానిది ఇదే. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ప్రకటించిన నివేదికలో, నూటికి నలుగురికంటె ఎక్కువమందికి చీముచెవి యున్నచో అది వెంటనే పూనుకొనవలసిన ప్రజారోగ్య సమస్యయని చెప్పి, మన దేశమును ఆ వర్గముననే చేర్చిరి.

మన పూర్వులకు ఇది తెలియని రోగము గాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున ఇరువదియెనిమిది కర్ణరోగములు చెప్పబడినవి. అందు కర్ణస్రావ మొకటి. తలకు దెబ్బ తగులుట, నీట మునుగుట, లోపలి గడ్డ పక్వమగుట దానికి కారణములని యున్నది. నేను ఆ ప్రకరణమును చదివియుంటిని. ఎదుట కూర్చున్న పిల్లవాని చెవిలో మాత్రము దానిని చూడలేకపోతిని.

జిగురుచెవి గల పిల్లవానికి ఎంత వినబడునో తెలియవలెనన్నచో మీ రెండు వ్రేళ్లను రెండు చెవులలో గట్టిగా బెట్టుకొని ఇంటివారి మాటలు వినుడు. చెవుడు గాదు, వినబడుచునే యుండును. దగ్గఱనుండి బిగ్గఱగా నన్నది తెలియును. మెల్లగా నన్నది, దూరముననుండి యన్నది, నలుగురు మాటలాడుచుండగా నన్నది తెలియదు. ముఖ్యముగా మాటల చివళ్లు మాసిపోవును. ఇచట మన తెలుగు పిల్లవానికి ఒక ప్రత్యేకమైన కష్టమున్నది. ఇది వైద్యులు చెప్పినది గాదు, నా పరిశీలన. మన భాషలో అర్థము మాటకు తుద నుండును. ‘రా’ అనుటకును ‘రాకు’ అనుటకును భేదము చివరనున్న చిన్న యక్షరము. మా సీమలో ‘ఎక్కు’, ‘ఎక్కాకు’ అందురు. అవ్వ వాకిటనుండి “గోడ ఎక్కాకు” అన్నది. పిల్లవానికి ‘ఎక్కు’ వఱకే వినబడినది. వాడెక్కినాడు. అవ్వకు కోపము వచ్చినది; వీపున రెండు దెబ్బలు పడినవి. ఎక్కుమని చెప్పి, ఎక్కినందుకు కొట్టిరని వాని లెక్క. దినమున కిట్టివి పది జరిగినచో ఆ పిల్లవాడు మొండివాడు గాక మఱేమగును? పెద్దల మాటకు నిలుకడ లేదని వానికి తోచును. చెప్పిన మాట వినడని పెద్దలకు తోచును.

ఇందులో మఱియొక చిక్కున్నది. ఈ వినికిడి లోపము నిలుకడైనది గాదు. జలుబు తగ్గినపుడు నాళము తెఱచుకొని బాగుగా వినబడును. మఱల జలుబు వచ్చినచో మూసికొనును. పూర్తిగా చెవుడున్న పిల్లవానిని చూచి జాలిపడుదుము. సోమవారము విని గురువారము విననివానిని చూచి మాత్రము “కావలసినప్పుడు వినబడును, అక్కఱలేనప్పుడు వినబడదు” అని యెగతాళి చేయుదుము. నేనును చేసితిని.

వేదమునకు మనవారు శ్రుతి యని పేరిడిరి. గురువు నోట వెడలిన స్వరము శిష్యుని చెవిలో నున్నదున్నట్లు పడవలెను. వేదము మాట యటుండనిండు, తల్లిభాషయు శ్రుతియే. పలకయు బలపమును చేతికి రాకముందే పిల్లవాడు వేలకొలది మాటలు చెవితోనే సంపాదించును. ఆ సంపాదన జరుగు కాలమును, చెవిలో నీరు నిలుచు కాలమును ఒక్కటే యగుట దురదృష్టము. మాట ఆలస్యముగా వచ్చుట, వచ్చిన మాట స్పష్టముగా లేకుండుట, విన్నది మనస్సున నిలువక ధ్యాస చెదరుట, నలుగురిలో కలియక యొంటిగా నాడుకొనుట, వినుటకై దినమంతయు ప్రయాసపడి సాయంకాలమునకు విసిగి పేచీ పెట్టుట — ఇవి యన్నియు దీనివలన కలుగవచ్చును. చెవి మన శరీరపు తూకమునకును స్థానము గనుక కొందఱు పిల్లలు నడకలో తడబడుదురు.

అయితే తల్లులను భయపెట్టుట నా యుద్దేశము గాదు. ఈ విషయమున పాశ్చాత్య దేశములలో జరిగిన పరిశోధనలు రెండు చెప్పవలసియున్నది. న్యూజీలండు దేశమున డనీడిన్ పట్టణమున 1972–73లో పుట్టిన వేయిమందికి పైగా పిల్లలను పుట్టినది మొదలు పరిశీలించుచు వచ్చిరి. చిన్నతనమున జిగురుచెవి చాలకాలము నిలిచిన పిల్లలలో కొందఱికి చదువుటలో వెనుకబాటును, ధ్యాస నిలువమియు పదియేండ్లు దాటినపిదపగూడ కనబడినవి. రెండవది అమెరికాలో పిట్స్‌బర్గు నగరమున జరిగినది. చెవిలో నీరు నిలిచిన పసిపిల్లలను రెండు భాగములు చేసి, కొందఱికి వెంటనే భేరిలో చిన్న గొట్టము పెట్టిరి; కొందఱికి నెలలకొలది ఆగి, అవసరమైననే పెట్టిరి. 2007లో ప్రకటించిన ఫలితమును బట్టి, తొమ్మిది మొదలు పదునొకండేండ్ల వయస్సున ఉభయుల భాషలోను, చదువులోను, నడవడిలోను భేదము కనబడలేదు.

ఈ రెండును ఒకదాని కొకటి విరుద్ధములని కొంద ఱనవచ్చును. నాకు తోచునది వేఱు. పిట్స్‌బర్గులో ఆగిన పిల్లలను పసితనమునుండి నెలనెల వైద్యులు పరీక్షించుచు ఆగిరి. కనిపెట్టియుండి ఆగుట వేఱు. తెలియక యూరకుండుట వేఱు. సాధారణముగా నీరు మూడు నెలలలో దానియంతట నది తగ్గిపోవును. కావుననే వైద్యులు ముందు మూడు నెలలు వేచి చూతురు. మా మేనకోడలి కట్లే తగ్గినది. మందు గూడ వేయలేదు. ఆ మూడు నెలలు దానితో ఎదురుగా కూర్చుండి, ముఖము చూపి, నిదానముగా మాటలాడుమని మాత్రము చెప్పిరి. తగ్గక రెండు చెవులును మందగించియున్నచో భేరిలో సన్నని గొట్టము పెట్టుదురు. ఈ పద్ధతిని ఇప్పటి రూపమున 1954లో అమెరికా వైద్యుడు ఆర్మ్‌స్ట్రాంగు వాడుకలోనికి తెచ్చెను. కొన్ని నెలలకు ఆ గొట్టము దానియంతటనదియే ఊడి వచ్చును.

పత్తికొండవాడనై చెవిమాట చెప్పుచు మన్రో దొరను తలపకుండుట తగదు. సర్ థామస్ మన్రో 1761లో గ్లాస్గో నగరమున పుట్టెను. చిన్ననాట తట్టు పోసి, దానివలన ఆయనకు చెవి కొంత మందగించెను. తట్టు వచ్చిన పిల్లలలో ఇంచుమించు పదిమందికొకరికి మధ్యకర్ణము చెడునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఆ చెవితోనే ఆయన పందొమ్మిదేండ్లు నిండకముందే మదరాసునకు సైనికుడుగా వచ్చెను. 1800 మొదలు 1807 వఱకు మన దత్తమండలములకు కలెక్టరుగా నుండి రైతులతో గుడారములలో మాటలాడి భూములకు శిస్తు నిర్ణయించెను. డాన్ క్విక్సోట్ కథను చదువుటకై స్పానిష్ భాషను తానే నేర్చుకొనెనని చెప్పుదురు. చెవి సహకరింపనిచోట కంటితో నేర్చినాడు గాబోలు. పిమ్మట మదరాసు గవర్నరై, ఈ సీమను మఱల చూడవచ్చి, 1827 జూలై 6వ తేదీన పత్తికొండలోనే కలరా సోకి చనిపోయెను. మంత్రాలయమున రాఘవేంద్రస్వామివారు బృందావనమునుండి ఆయనతో మాటలాడిరనియు, ఆ మాటలు ప్రక్కనున్న వారెవరికిని వినబడలేదనియు మా వైపున వాడుక. చెవి మందగించినవానికే వినబడెననుటలో నాకొక సంతోషమున్నది.

బడిపంతులుగా నాకు ఆయనయందు గౌరవమునకు మఱొక కారణము కలదు. మన దేశమున పిల్లలకు ఎన్ని బడులున్నవో లెక్క తీయుడని 1822లో ఉత్తరువు చేసినవా డాయన. రాజధాని మొత్తముమీద 12,498 బడులున్నట్లు తేలినది. చెవి మందమైనంత మాత్రమున బుద్ధి మందము గాదనుటకు మా యూరివారికి ఇంతకంటె దగ్గఱి నిదర్శనము లేదు. కాని ఆయన గ్లాస్గోలో వర్తకుని కుమారుడు. చదివించువారును, పుస్తకములును గలవాడు. సుగ్గికి పోవు కూలివాని కొడుకునకు అవి యెచ్చటివి?

ఇక ఇంట చేయదగినవి, చేయరానివి. చెవి కారుచున్నచో ఆముదము, కాచిన నూనె, వెల్లుల్లి నూనె, ఆకు పసరు పోయరాదు. భేరికి రంధ్రమున్నచో పోసిన దెల్ల లోపలి గదిలోనికి పోవును. పుల్లతోను, పిన్నుతోను త్రవ్వరాదు. శుభ్రమైన గుడ్డనో దూదినో వత్తివలె చేసి, చీమును అద్దితీసి, చెవిని పొడిగా నుంచవలెను. తల స్నానమునకు ముందు వాజలైను రాచిన దూదిని చెవి ద్వారమున పెట్టవలెను. అట్టి పిల్లవానిని బావిలో ఈతకు పంపరాదు. “కారితే కారనీ, పెద్దయితే అదే మానుతుంది” అనుమాట మా సీమలో ప్రతి యింటను విందుము. అది మాననీయదగిన మాట గాదు. చెవి వెనుక వాచినను, జ్వరముతో తల తిరిగి వాంతులైనను, మూతి ఒక ప్రక్కకు వంగినను, కారునది దుర్గంధమైనను ఆ దినమే వైద్యశాలకు తీసికొనిపోవలెను. చీము లోపలి యెముకను తినుచు మెదడువైపు పోవుట కలదు.

రాకుండ చూచుకొనుటకును ఉపాయములున్నవి. పసిబిడ్డకు తల్లిపాలు మేలు. సీసాపాలు పట్టవలసివచ్చినచో వెల్లకిల పరుండబెట్టి పట్టరాదు. బీడీ పొగ, పొయ్యి పొగ బిడ్డకు సోకనీయరాదు. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండగనే ఒకసారి, పదునాఱు నెలలు దాటినపిదప రెండవసారి తప్పక వేయింపవలెను.

ఉపాధ్యాయులకు ఒకమాట. చెవిపరీక్షకు యంత్రమే కావలెనని లేదు. పిల్లవాని వెనుక మూరెడు దూరమున నిలిచి, వాని యొకచెవిని వ్రేలితో మూసి, రెండవ చెవివైపు గుసగుసగా నాలుగు మాటలు చెప్పి తిరిగి చెప్పుమనుడు. చెప్పలేకున్నచో వ్రాసియుంచుకొనుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందము బడికి ఏటి కొకమాఱు, అంగనవాడికి రెండుమాఱులు వచ్చునట్లు ఏర్పాటు చేయబడినది. వారు చూడవలసిన రోగముల పట్టికలో మధ్యకర్ణపు వాపు కలదు. నలువదిమందిలో ఏ పిల్లవానిని ముందు చూపవలెనో వారికి చెప్పగలవాడు ఉపాధ్యాయుడు. అంతవఱకు ఆ పిల్లవానిని ముందు వరుసలో, బాగుగా వినబడు చెవి మనవైపు ఉండునట్లు కూర్చుండబెట్టవలెను. నల్లబల్లవైపు తిరిగి పాఠము చెప్పరాదు. ఈ యొక్క అలవాటు మానుకొనుటకు నాకు రెండేండ్లు పట్టినది.

2012 ప్రాంతమున ఆఱవ తరగతిలో నొక బాలికను ఈ విధముగా కనుగొంటిని. తల్లి వచ్చి, “అయ్యవారూ, దానికి చెవులుండాయి, వినేబుద్ధి లేదు” అన్నది. రెండు చెవులకును రంధ్రములు. ఆ తల్లిని ఒప్పించుటకు నాలుగుసార్లు వారి యింటికి పోవలసివచ్చినది. ఆడపిల్లకు చెవి ఆపరేషన్ అని తెలిసినచో సంబంధములు రావని ఆమె భయము. చివరకు కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక చెవికి శస్త్రము చేసి పొర అతికిరి. వినికిడి పూర్తిగా రాలేదు. కాని కారుట మానినది. ఆ బాలిక పదవతరగతి వఱకు నా తరగతిలో ముందు బల్లపైనే కూర్చున్నది. వ్యాకరణమున నన్నే ప్రశ్నలడిగి నిలుపునంతటిదైనది.

2016లో నొకనాడు పత్తికొండ టమాటా మార్కెట్టునకు పోయితిని. బుట్టలు మోయుచున్న హమాలీ యొకడు నన్ను చూచి దించి, దగ్గఱకు వచ్చి నమస్కరించెను. నేను పోల్చలేకపోతిని. మాటలాడినప్పుడు వాడు తల త్రిప్పి ఎడమచెవిని నావైపు పెట్టుట చూచి పోల్చితిని. ముప్పది యాఱేండ్లవాడైనాడు. నేను సిగ్గుతో ఆనాటి దెబ్బల సంగతి యెత్తితిని. వాడు, “యాడ కొట్టినారో నాకేం గుర్తులేదు అయ్యవారూ. మీరు సెప్పేది అప్పుడు నాకు ఇనపడేది కాదు” అనెను. పిమ్మట కొంచెమాగి, “నా కొడుకును ఈ యేడు ఒకటో తరగతిలో ఏసినా. వానికీ సెవి కారుతాంది. ఆడ సారుకు మీరొక మాట సెప్పండి, ముందర కూసోబెట్టమని” అని యడిగెను.

ఆ సాయంకాలమే నేను ఆ బడికి పోయి ఆ యుపాధ్యాయునితో చెప్పితిని. తరువాతి సోమవారము తండ్రికొడుకులతో గూడ బస్సెక్కి కర్నూలునకు పోయితిని.